"దూరమా?" అంటే "ఆయ్"

గోదావరి డెల్టా చరిత్రలో ఆనకట్టకు ఒక అధ్యాయం ఉంది, వంతెనలకు ఒక అధ్యాయం ఉంది. "దూరమా?" అనే ప్రశ్నకు మాత్రం ఇంతవరకు ఒక పేరా కూడా దక్కలేదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లే పని చెడుతుంది. అడక్కుండా ఊరుకుంటే అడగవలసినవారికి అన్నం సహించదు. ఈ రెండు ప్రమాదాల నడుమ మన పెద్దలు కనిపెట్టిన రాజమార్గమే "దూరమా?" అనడం. దానికి జవాబు "ఆయ్". అంటే అవునని. కాదని కూడా కావచ్చు. ఎటు తిరిగినా మర్యాద దక్కుతుంది.

1997లో తణుకు దగ్గర ఒక కాలవగట్టు మీద ఈ సంప్రదాయానికి గడ్డు పరీక్ష ఎదురైంది. ఇంటర్ చదువుతున్న రామతులసి రోజూ పొద్దున్నే ఆ గట్టు మీద పరుగెత్తడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మూడు వేల మీటర్ల పరుగుకు పనికొస్తుందని కనిపెట్టినవారు డ్రిల్లు మాస్టారు బుల్లియ్య గారు. ఆ పిల్ల ఎటో వెళ్తోందని కనిపెట్టినవారు మరో ముగ్గురు: లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు గంగయ్య, గేదెలు పితికే సంపూర్ణమ్మ, అరుగు మీద పేపరు చదివే మాధవరాజు గారు. ముగ్గురూ దూరమా అని అడిగేవారు. పెద్దవాళ్లు అడిగితే ఆగకుండా జవాబు చెప్పడం రామతులసికి చేతకాదు. ఆగేది, "ఆయ్, పరుగండి" అనేది, మళ్లీ అందుకునేది. మాస్టారి స్టాప్‌వాచీ ప్రకారం రోజుకు నిమిషంన్నర మర్యాదకే ఖర్చవుతోంది.

"మర్యాద మానక్కర్లేదమ్మా. కాళ్లు ఆపకుండా చెయ్యి, చాలు" అన్నారాయన.

నెల తిరిగేసరికి ఆ "ఆయ్" వదిలే ఊపిరిలో కలిసిపోయింది. అది అన్నప్పుడల్లా బిగిసిన భుజాలు సడలేవి, ఊపిరి కుదుటపడేది.

ఆ ఏడు రాజమండ్రిలో జోనల్ పోటీలు జరిగాయి. మొదటి ఇద్దరికే రాష్ట్ర జట్టులో చోటు. ఆ సర్టిఫికెట్ ఉంటే వ్యాయామవిద్య కోర్సులో సీటు. మైదానంలో అన్నీ ఉన్నాయి, సున్నపు గీతలు, మైకు, నిమ్మకాయ నీళ్లు. దూరమా అని అడిగే మనిషి మాత్రం లేడు. నాలుగో రౌండుకు ఊపిరి ఛాతీలో ఇరుక్కుంది. ఏడో స్థానం వచ్చింది. ఇంట్లో ఇంకొక్క ఏడాది గడువిచ్చి, అప్పటికీ కుదరకపోతే కుట్టుమిషను నేర్చుకోమని తేల్చేశారు. రామతులసి ఆ గడువు కూడా అక్కర్లేదని కాన్వాసు బూట్లు మేకుకు తగిలించింది. అన్నం సరిగ్గా తినలేదు.

పన్నెండో రోజున ముగ్గురూ ఆ ఇంటికొచ్చారు, వేరువేరు ఫిర్యాదులతో. అమ్మాయి రాకపోవడంతో లాకు తలుపులెత్తే వేళ తెలియడం లేదని గంగయ్య. గేదె పాలు చేపడం లేదని సంపూర్ణమ్మ. అమ్మాయి వచ్చే వేళకు తాను మూడో పేజీలో ఉండాలి, ఇప్పుడు ఏ పేజీలో ఉండాలో తెలియడం లేదని మాధవరాజు గారు. ఓదార్చడానికి వచ్చామని ఒక్కరూ ఒప్పుకోలేదు. రామతులసి కాసేపు ఏడ్చింది. మర్నాడు బూట్లు మేకు దిగాయి.

"అక్కడ నన్నెవరూ అడగలేదండి" అని మాస్టారికి అప్పుడు చెప్పింది.

మరుసటి ఏడు పోటీలకు మాస్టారు ఆ ముగ్గుర్నీ వెంటబెట్టుకెళ్లారు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎక్కడికి?" అన్నాడు. సంపూర్ణమ్మ వెనక్కి తిరిగి, కుళాయి దగ్గర మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని, మళ్లీ బయల్దేరింది. మాస్టారు ముగ్గుర్నీ మైదానం చుట్టూ మూడు చోట్ల నిలబెట్టారు. ఏడున్నర రౌండ్లు. ప్రతి రౌండుకూ మూడు "దూరమా?"లు, మూడు "ఆయ్"లు. ఇదేదో కొత్త శిక్షణ విధానమనుకుని పక్క జిల్లా కోచ్ ఒకాయన పుస్తకంలో రాసుకున్నాడు.

చివరి మలుపు దగ్గర రామతులసి మూడో స్థానంలో ఉంది. అక్కడ నిలబడ్డది సంపూర్ణమ్మ. ఆమె ఒక్క మాట మార్చింది.

"దగ్గరేనా పిల్లా?"

"ఆయ్, దగ్గరేనండి."

భుజమంత తేడాతో రెండో స్థానం వచ్చింది.

మైకులో పేరు పిలుస్తుంటే రామతులసి అక్కడ లేదు, ఆ ముగ్గురి మధ్యా నిలబడి ఉంది. తిరిగొచ్చిన మనిషిని అడిగితే తప్పు లేదు గనుక మాధవరాజు గారు ఏడాదిన్నరగా దాచుకున్న ప్రశ్న అడిగేశారు.

"ఇంతకీ ఎక్కడికెళ్లొచ్చావమ్మా?"

"ఎక్కడికీ లేదండి. మీ దగ్గరికే, ఏడుసార్లు."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

సీటు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. 2004 నుంచి రామతులసి ఆ ఊరి హైస్కూల్లోనే పీఈటీ. రోజూ ఆ గట్టు మీదే మోపెడ్ మీద వెళ్తుంది. సంపూర్ణమ్మ దూరమా అని అడిగితే బండి ఆపి, ఆయ్ అంటుంది.

స్కూలు అక్కడికి అర కిలోమీటరు.