మన్ను తిననివ్వని చప్పుడు

దయ్యాల మాట నేనెప్పుడూ నమ్మలేదు. చర్చికి ఎవరినైనా దయ్యం పట్టిందని తీసుకొస్తే, తిండీ నిద్రా లేక ఊగుతున్నారని మొహం మీదే అనేదాన్ని. నాకు సంతకం వరకే వచ్చు. చెబుతుంటే నా బిడ్డ సునీత రాస్తోంది. ఆమె కూడా విన్నది కాబట్టి, నేను ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా రాయదు.

మాది జవహర్‌నగర్ చెత్తగుట్ట కింద బస్తీ. మా ఆయన పాత సామాను కొనేవాడు. కాలిపోయిన ట్యూబులైట్లు తెచ్చి, పెరట్లో గోడ మూలన పగలగొట్టి, చివర్ల రేకు తీసుకునేవాడు. గాజు, లోపలి తెల్లపొడి అక్కడే మట్టిలో కలిసిపోయేవి. అందులో పాదరసం ఉంటుందని అప్పట్లో మాకెవరు చెప్పారు? చేతులు వణికి వణికి చివరికి మంచం పట్టి పోయాడు. దేనివల్లో డాక్టర్లు తేల్చలేదు.

ఆయన పోయిన కొత్తలో కాలేజీవాళ్లు వచ్చి వీధుల్లో మట్టి పరీక్షకు తీసుకుపోయారు. పాదరసం ఉంది, ఆకుకూరలు వేయకండి అన్నారు. ఏళ్లు గడిచి, గుట్టమీద మన్ను కప్పాక మళ్లీ వచ్చారు. పాదరసం చాలా తగ్గిందన్నారు. మా పెరట్లోకి మాత్రం రాలేదు.

పోయిన వానాకాలం సునీత తొలి కాన్పుకు వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు మన్ను మీద మనసు పోతుంది కదా. సునీత నా కడుపులో ఉన్నప్పుడు నేనూ గోడమట్టి గీకి తిన్నాను. పైగా తగ్గిందన్నారు. అందుకే నేను వద్దనలేదు.

ఒక మధ్యాహ్నం సునీత పెరట్లో ఆ గోడ మూలన కూర్చుని మట్టిగడ్డ నోటిదాకా తెచ్చింది. టప్‌మని చప్పుడు. ట్యూబులైట్ పగిలిన చప్పుడే, నేను ఏళ్లు విన్నదే. గోడెక్కి చూశాను. అవతల ఖాళీ జాగా. మనిషి లేడు, గాజుముక్క లేదు. మర్నాడూ అంతే. గడ్డ చేతిలో ఉంటే ఏమీ లేదు, నోటి దగ్గరికి పోతేనే.

సునీత నవ్వింది. "బతికున్నప్పుడు ఐసు తిననియ్యలే. సచ్చినంక మన్ను గూడ తిననియ్యవా, బాపూ?" అని గోడకేసి అడిగి, గడ్డ మళ్లీ ఎత్తింది.

ఈసారి ట్యూబుల కట్టకు కట్ట ఒక్కసారే పగిలినట్టయింది. ఆమె చేతిలో మట్టి జారిపోయింది.

"అమ్మా, కడుపుల బిడ్డ ఉలిక్కిపడ్డది," అంది.

ఇక నాకు నిలకడ లేదు. కాలేజీవాళ్లలో మట్టి పరీక్ష చూసే అమ్మాయి ఉంటే, ఆమెను పిలిపించాను. చప్పుడు సంగతి చెప్పలేదు, నవ్వుతుందని. ఆమె ఆ మూలన మట్టి తీసుకుపోయి, పరీక్ష చేయించి తానే వచ్చింది. బస్తీ అంతా తగ్గినా అక్కడ తగ్గలేదట. ఆ మట్టంతా తవ్వించి సంచుల్లో తీసుకుపోయారు.

చప్పుడు ఆగింది. మనవరాలు బాగానే పుట్టింది. ఇప్పుడు పాకుతోంది.

పోయిన నెల ఒకరోజు పిల్లను ఇంటిముందు వాకిట్లో దింపాను. టప్‌మంది. ఎత్తుకుంటే ఆగింది. అక్కడ ఆయన ఒక్క ట్యూబూ పగలగొట్టలేదు, నాకు తెలిసినంతవరకు. ఆ అమ్మాయితో వాకిలి మట్టి కూడా పరీక్ష చేయించాను. ఏమీ లేదమ్మా, భయపడకుండా దింపు అంది. ఆమె అబద్ధం చెప్పే పిల్ల కాదు. మరి నేను విన్నదేంటో నాకు తెలియదు.

పిల్ల దిగుతానని చంకలో గింజుకుంటోంది. నేనింకా దింపలేదు.