తిప్పేస్వామి శ్రద్ధాంజలి

హిందూపురంలో ఎవరు పోయినా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం తిప్పేస్వామి దగ్గరికే వస్తారు. గళ్ల లుంగీలో దిగిన ఫోటో ఇచ్చినా కంప్యూటర్లో దానికి కోటు తొడుగుతాడు, ముడతలు తీస్తాడు, జుట్టు నల్లగా చేస్తాడు. పని చేస్తున్నంతసేపూ ‘అంతా అనిత్యం’ అని మెల్లగా అనుకుంటాడు. నిరుడు గుండెనొప్పి వచ్చి తగ్గాక బౌద్ధుల ధ్యాన శిబిరానికి వెళ్లి నేర్చుకున్న మాట అది. రోజూ సొంత చావును తలచుకుంటే భయం పోతుందని అక్కడి గురువు చెప్పాడు. కళ్లు మూసుకుంటే తిప్పేస్వామికి ఏమీ కనబడలేదు. అందుకని ఈ మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, తన ఫ్లెక్సీ తానే చేసుకోవడానికి కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు చూడాలి కాబట్టి ఫోటోను ముట్టుకోకూడదనుకున్నాడు. తర్వాత కళ్లకింద నలుపు మాత్రం తీశాడు. కాసేపటికి బట్టతల మీద జుట్టు మొలిచింది. కోటు ఏ రంగుదన్నది చాలాసేపు తేలలేదు. ‘మరణం’ అన్నచోట ఈ ఏడాది వేయబోయి చెరిపేశాడు. ముప్పై ఏళ్లు ముందుకు జరిపి వేశాడు.

అన్నం క్యారియరుతో వచ్చిన భార్య హేమావతి తెర చూసి నిలబడిపోయింది.

“ఏందప్పా ఇది?”

“ధ్యానం మే. చావంటే భయం పోవల్లంటే ఇట్ల చూస్తాండల్ల.”

“పెండ్లికి గూడా ఇంత సింగారించుకోలేదు కదప్పా నువ్వు! భయం పోయినోడు ముప్పై ఏండ్లు వాయిదా ఏసుకుంటాడా?”

తిప్పేస్వామి నవ్వబోయి ఆగాడు. గురువు చెప్పినట్టు కళ్లు మూసుకుని ఊపిరిని గమనించసాగాడు. హేమావతి క్యారియరు విప్పుతూ గొంతు తగ్గించి, “ఏసేదేదో ఇంగొంచెం దూరంగా ఏసుకో” అంది.

అతడు ఒక కన్ను తెరిచి ఇంకో ఐదేళ్లు కలిపాడు.