నర్సవ్వ చెల్లెలు

ఇంట్లో బాత్‌రూమ్ కడుగుదామని ఫినాయిలు సీసా మూత తీస్తే చాలు, నాకు సిద్దిపేట బస్టాండు గుర్తుకొస్తుంది. అందరూ ముక్కు మూసుకునే వాసన అది. నేను మాత్రం సీసా చేత్తో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడిపోతాను. ఆ బస్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్ల ముందు, చిన్న బల్ల వెనక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది నర్సవ్వ. నుదుట రూపాయంత బొట్టు, ముడి వేసిన నెరిసిన జుట్టు, కుర్చీకి ఆనించిన తడి చీపురు. ఆమెను మీరెవరూ ఎరగరు. రోజూ ఆమె ముందు నుంచి నడిచిపోయిన వందల మందిలో కూడా ఆమె ముఖం చూసినవాళ్లు తక్కువ. మొదట్లో నేనూ ఆ చూడనివాళ్లలో ఒకదాన్నే.

అప్పుడు నేను కోహెడ బడిలో టీచర్ని. పొద్దున సిద్దిపేటలో బస్సెక్కితే గంటకు పైగా ప్రయాణం, ఆ గంటంటే నాకు ప్రాణం పోయినంత భయం. ఆరు నెలలుగా విరేచనంలో నెత్తురు పడుతోంది. బస్సులో ఏమవుతుందోనని ముందు రోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేసేదాన్ని, నీళ్లు కూడా తాగేదాన్ని కాదు. మా వీధిలో మందులిచ్చే ఆయన మొలలన్నాడు, లేపనం ఇచ్చాడు. వేడి చేసిందని ఒకరు, కల్లు తాగితే చలువ అని ఇంకొకరు. అన్నీ చేశాను. బక్కచిక్కి జాకెట్లు వదులైపోయాయి. అసలు సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు.

ఒకరోజు నర్సవ్వ నా దారికి అడ్డంగా చీపురు పెట్టింది. "ఓ పంతులమ్మా, జర ఆగు. నెల సంది చూస్తున్న. పొద్దుగాల మూడుసార్లు లోపలికి పోతవ్, బస్సు వచ్చినంక మళ్ల ఉరికొస్తవ్. నెత్తురు పడుతున్నదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ముందు కోపమొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "మొలలట అవ్వా," అన్నాను.

"ఎవడన్నడు? జిగటతోని కలిసి పడుతున్నదా? నిద్రల గూడ లేపుతున్నదా?" నేను తలూపాను. ఆమె గొంతు తగ్గించింది. "మా చెల్లెకు గిట్లనే ఉండె. మొలలు మొలలని ఏడాది ఆగం చేసిన్రు. పెద్ద దవాఖానల గొట్టం ఏసి చూసినంక పెద్దపేగుల పుండ్లని తేలింది. నువ్వు గూడ పో బిడ్డా. రేపే పో."

పోయాను. ఆమె చెప్పిందే నిజమైంది. శరీరాన్ని కాపాడాల్సిన శక్తే దారితప్పి పేగు మీద పడుతోందని, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని, మందులతో అదుపులో పెట్టుకుని బతకొచ్చని డాక్టరు నిదానంగా చెప్పాడు. నాకు మాత్రం "పోయే జబ్బు కాదు" అన్నదొక్కటే వినిపించింది. మర్నాడు నర్సవ్వ బల్ల పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. "ఏడిస్తే ఏడువు. గని గోలీ మింగినంక ఏడువు," అంది.

ఆ రోజు నుంచి వరసలో చివరి తలుపు నాదైంది. నేను వచ్చే వేళకు లోపల బకెట్ నిండా నీళ్లుండేవి. ఇంట్లో క్యాలెండరు మీద నెత్తురు పడ్డ రోజున ఎర్ర పెన్నుతో చుక్క పెట్టమంది. ముందు రోజు ఏం తిన్నావో పక్కన రాసుకో, డాక్టరుకు చూపెట్టు అంది. "మా చెల్లెకు పాలు పడయి. నీకు పడుతయేమో, నువ్వే చూసుకో. ఒకరి కడుపు తీరు ఇంకొకరికి ఉండది," అనేది. సంచిలో ఒక జత బట్టలు పెట్టించింది. కోహెడ బస్సు కండక్టరును పిలిచి, ఈ పిల్ల ఆపమన్నకాడ ఆపమని గట్టిగా చెప్పేసింది. నలుగురిలో నా పరువు తీశావని ఆమె మీద విరుచుకుపడ్డాను.

"బస్సుల పోతే ఉంటదా పరువు?" అంది తాపీగా. నవ్వాపుకోలేకపోయాను. ఎన్నాళ్లకో నవ్వాను ఆ రోజు.

రోజూ అడిగేది, "ఇయ్యాల ఎట్లున్నది?" అని. బాగుందంటే, "మా చెల్లె గూడ మంచిగనే ఉన్నది," అనేది. ఒకసారి తీసుకురమ్మంటే, "వస్తది తియ్," అని చీపురందుకునేది. కొన్నిసార్లు కుర్చీ ఖాళీగా ఉండేది, చివరి తలుపు లోపల గడియ పడి ఉండేది. నా జాగాలో ఎవరు దూరారని విసుక్కునేదాన్ని. కాసేపటికి నర్సవ్వే ముఖం కడుక్కుని బయటికొచ్చేది. అయినా నాకు తట్టలేదు. నా కడుపు తప్ప లోకంలో ఇంకో కడుపు ఉందన్న ధ్యాసే లేదు నాకు.

దసరా నాటికి క్యాలెండరు మీద చుక్క పడక నాలుగు నెలలైంది. మటన్ తిన్నాను, సర్వపిండి తిన్నాను, ఏమీ కాలేదు. రోజూ స్టాఫ్‌రూములో అందరి ముందూ గోలీలు మింగడం బేజారైపోయింది. మానేశాను. సెలవుల తర్వాత అదేదో ఘనకార్యంలా నర్సవ్వకు చెప్పాను.

"డాక్టరు బంద్ పెట్టమన్నడా?"

"వాళ్లు అట్లనే మింగుమంటరు అవ్వా. రోగమే లేనప్పుడు మందెందుకు?"

ఆమె చీపురు పక్కన పెట్టింది. "అయితే మా చెల్లె గూడ బంద్ పెట్టొచ్చా? గామెకు గూడ నెత్తురు పడక శానా దినాలైంది. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

బస్సు హారన్ కొట్టింది. "బంద్ పెట్టమను, ఏం కాదు," అంటూ పరిగెత్తి ఎక్కేశాను.

నెలన్నర తిరగకుండానే జబ్బు మళ్లీ విరుచుకుపడింది. ఈసారి రెండు వారాలు ఆసుపత్రిలో పడున్నాను. "మందు పనిచేస్తుంది కాబట్టే బాగున్నావమ్మా. తగ్గిందని నీ అంతట నువ్వు ఆపేస్తే ఎట్లా?" అన్నాడు డాక్టరు. సెలైన్ సూది చేతికి ఉండగానే దిగ్గున లేచి కూర్చున్నాను. నర్సవ్వ చెల్లెలు! ఆమెకు వెంటనే చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర నర్సవ్వ ఫోన్ నంబరు కూడా లేదు.

డిశ్చార్జి అయిన మర్నాడే బస్టాండుకు పోయాను. కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆమెనడిగి, సాలెవాళ్ల వాడలో నర్సవ్వ ఉండే కిరాయి ఇల్లు పట్టుకున్నాను. గడపలో కోడలు కూర్చుని ఉంది.

"అత్తమ్మ పోయిందక్కా. పదకొండో దినం నిన్ననే చేసినం," అంది. "నెత్తురు పడుతున్నదని ఎవ్వలికీ చెప్పలే. కడుపుబ్బి పడిపోయినంక దవాఖానకు తీస్కపోయినం. అప్పటికే చెయ్యి దాటిందన్నరు."

"మరి వాళ్ల చెల్లె? చెల్లెకు ఎట్లున్నది?"

కోడలు నన్ను వింతగా చూసింది. "చెల్లెనా? అత్తమ్మకు చెల్లె యాడిది? వాళ్లవ్వకు ఒక్కతే బిడ్డ."

గోడ మీద క్యాలెండరు వేలాడుతోంది. లోపలికి పోయి కాగితాలు వెనక్కి తిప్పాను. వేసవి నుంచి దసరా దాకా ఒక్క చుక్క లేదు. దసరా తర్వాత కొన్నాళ్లకు ఒకటి, తర్వాత రెండు, ఆ మీద రోజూ ఎరుపే. కింద గూట్లో నేను మింగే గోలీలే, సగం అట్ట మిగిలిపోయి ఉంది.

ఎందుకు దాచిందో నాకు తెలియదు. కడిగే పని చేసే మనిషికి ఈ జబ్బని తెలిస్తే పని పోతుందనుకుందేమో, కోడలి ముందు సిగ్గేమో. లేని చెల్లెల్ని అడ్డం పెట్టుకుని తన బాధ నాకు కొంచెం కొంచెం చెప్పుకుంది. పాడుదాన్ని, రోజూ "ఎట్లున్నది" అని అడిగించుకున్నాను గానీ, నీకెట్లున్నదవ్వా అని ఒక్కనాడు తిరిగి అడగలేదు.

ఇప్పుడు ఎవరైనా మా అక్కకట, మా వదినకట అని ఈ జబ్బు గురించి మొదలుపెడితే, ఎవరికని తరచి అడగను. డాక్టరు చెప్పందే మందు బంద్ పెట్టొద్దని ఆమెకు చెప్పు అంటాను. మర్నాడు నేనే ఫోన్ చేసి, ఆమెకు ఎట్లున్నదని అడుగుతాను. బస్సు మెట్టు మీద నుంచి నేను విసిరిన ఆ మాట మాత్రం వెనక్కి రాదు. రోజూ పొద్దున గోలీలు చేతిలోకి తీసుకోగానే అది గుర్తుకొచ్చి కళ్లు నిండుతాయి. ముందు గోలీ మింగుతాను. ఆ తర్వాతే ఏడుస్తాను.