మెడ దాకా నీళ్ళు

మా ఇంటి వెనక ఒక స్విమ్మింగ్ పూల్ ఉంది. మదనపల్లెలో ఈ మాట చెబితే జనం నా వైపు ఒకసారి, నా చెప్పుల వైపు ఒకసారి చూస్తారు. అంత గొప్పదేమీ కాదు, నీళ్ళ సంపుకు పెద్దన్న లాంటిది. రిటైరైన ఏడాది మా ఆయన ఏదో రిసార్టులో చూసొచ్చి, పెరట్లో నేను వేసుకున్న చిక్కుడు పందిరి పీకించి మరీ కట్టించాడు. ఆ పందిరి సంగతి నేనింకా మరిచిపోలేదు.

మా ఊరి చలికి కార్తీకం నుంచి దాంట్లో కాలు పెట్టే మగాడు లేడు. టమోటా లారీల మీద కప్పే పట్ట ఒకటి తెచ్చి మూసేస్తాం. శివరాత్రి పోయాక తెరుస్తాం. పట్ట తీస్తే కింద పచ్చటి పాచి, కుళ్ళిన వేపాకు, మమ్మల్ని చూసి విసుక్కునే కప్పలు. అవన్నీ తోడి పోసి, గోడలు రుద్ది, మళ్ళీ బోరు నీళ్ళు నింపాలి. ఆ పనికి ఏటా కుప్పం నుంచి మా అక్క వచ్చేది.

పిలవకుండానే వచ్చేది. పుంగనూరులో బస్సు మారేటప్పుడు ఫోన్ చేసేది. "మ్మే, పుంగనూర్లో ఉండాను. నేనొచ్చేదాకా పట్ట తీయొద్దండి."

మా పుట్టిల్లు వెంకటగిరికోట దగ్గర పల్లె. అక్కడి బావిలో నాకు ఈత నేర్పింది అక్కే. నేను నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని గట్టు పట్టుకుని ఏడుస్తుంటే, తను మోటారు గది మీది నుంచి దూకేది. అంత ఎత్తు నుంచి దూకడానికి మగపిల్లలు కూడా జంకేవాళ్ళు. ఆమె పెద్దమనిషైన రోజు మా అవ్వ "ఇంక చాలు" అంది. అంతే. ఆ బావి నీళ్ళు కడవతో మోసింది, ఆ బావి దగ్గరే బట్టలు ఉతికింది, మళ్ళీ ఒక్కనాడూ అందులోకి దిగలేదు. తర్వాత పెళ్ళి, ఆవులు, పిల్లలు. బావి కూడా ఎండిపోయింది.

మా ఇంటికి రాగానే అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పుల్లల చీపురు పట్టుకుని ఖాళీ పూల్లోకి దిగేది. కూలి మనిషిని పెడదామని మా ఆయన అంటే, "యాలప్పా? నాకేం చేతులు లేవా?" అనేది. రుద్దిన చోట నీలం పలకలు బయటపడుతుంటే వాటిని అరచేత్తో తడిమేది. లోతు వైపు గోడకు ఆనుకుని నిలబడి, మెడ దగ్గర చెయ్యి పెట్టి, పైనున్న నన్ను అడిగేది. "ఈడ నాకు మెడ దాకా వస్తాదంటావా?"

"నువ్వు తాటిచెట్టువి. నీకు నడుం దాటితే గొప్ప" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

రాత్రంతా బోరు ఆడితే తెల్లారేసరికి నిండేది. పొద్దున్నే మా అత్త పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టేది. కొత్త నీళ్ళకు పూజ చేయడం మా వైపు ఉన్నదే. పూజ చేసిన రోజు అందులో ఎవరూ కాలు పెట్టకూడదనేది మాత్రం మా అత్త నియమం. "ఈ పొద్దు ఆ తల్లిది. మీరు రేపు దిగండి" అనేది. ఎవరూ కాదనలేదు. మాకు రేపు ఉండేది, ఎల్లుండి ఉండేది. అక్కకే ఉండేది కాదు. ఆమె ఆవులు ఇంకొకరి చేతికి పాలివ్వవు. ఒక్క రోజుకు పక్కింటామె ఎట్లో తంటాలు పడేది, రెండో రోజంటే దణ్ణం పెట్టేది. అందుకే అక్క కొబ్బరిచిప్ప చేతికి రాగానే బస్సుకు బయల్దేరేది. నిండిన నీళ్ళను గట్టు మీది నుంచే చూసి, వేళ్ళు కూడా తడుపుకోకుండా వెళ్ళిపోయేది.

పోయినేడు ఆమె వెళ్ళాక గది సర్దుతుంటే మంచం కింద ఒక గుడ్డ సంచి దొరికింది. లోపల ముదురు నీలం చుడీదారు, కొత్తది. మా అక్క జన్మలో చీర తప్ప మరొకటి కట్టలేదు. ఫోన్ చేశాను.

"అక్కా, ఈ డ్రెస్సు ఎవురిది?"

"నాదే మ్మే. చీరతో దిగితే కాళ్ళకు చుట్టుకుంటాది గదా. రెండేండ్ల నుంచి తెస్తానే ఉండాను."

"నోరు తెరిచి యాల అడగలేదు?"

"మీ అత్త కాలు పెట్టొద్దంటా ఉంటే నేనెట్ల అడిగేది? వచ్చే తూరి సూద్దాంలే. ఆడే పెట్టు."

కోపంగానే అత్త దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ బిడ్డకు ఆశ ఉండాదని నాకేం తెలుసమ్మా? ఒక పొద్దు ఆగి పూజ చేసుకుందుము గదా." ఇక నా కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

వానాకాలంలో అక్క ఆవుల పాకలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. బస్సు ప్రయాణాలు, తడి నేల, నీళ్ళు, ఏవీ పనికిరావన్నాడు డాక్టరు. ఆవుల్ని అమ్మేశారు. ఇప్పుడామెకు ఎన్ని రోజులంటే అన్ని రోజులు ఖాళీ.

ఈ ఏడు పట్ట తీయడానికి నాకు చేతులు రాలేదు. అక్కే ఫోన్ చేసి తిట్టింది. "శివరాత్రి పొయ్యి ఎన్నాళ్ళాయ? యాల ఇంకా మూసిపెట్టుకోనుండారు?" కూలి మనుషులు వచ్చి రుద్దారు. నీళ్ళు నిండిన రోజు అత్త పూజ సామాను బయటికి తీయలేదు. రేపు చేసుకుందాంలే అంది.

నేను అక్క డ్రెస్సు వేసుకున్నాను. నాకు పొడుగు, పాదాల దగ్గర మడుచుకోవాల్సి వచ్చింది. అక్కకు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి గట్టు మీద ఉంచి, దిగాను. ఒళ్ళు జివ్వుమంది.

"దిగినావా?"

"దిగినానక్కా."

"లోతు పక్కకు పో. గోడకు ఆనుకోని నిలబడు."

ఏటా ఆమె నిలబడిన చోటే నిలబడ్డాను.

"యాడి దాకా వచ్చె?"

"మెడ దాకా."

"అయితే నాకు బుజాల దాకా." ఆ మాట అనడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. కొంచెం ఆగి అంది. "ఈతకు సరిపొయ్యుండును మ్మే."

నా ఏడుపు ఫోన్లో వినపడకుండా తల నీళ్ళలో ముంచేశాను.