అక్కుపల్లి తాటాకు, నా ఎస్టిమేటులో ఆరు లక్షలు

నిమ్మాడ ఊరి చివర మా ఆయన వాటాకి వచ్చిన అయిదు సెంట్లలో మూడు గదుల మట్టిల్లు కట్టుకోవాలని మా ఇద్దరి కోరిక. చేతిలో ఉన్నది పన్నెండు లక్షలు. అప్పు చేయకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. ఇలాంటి ఇళ్ళే కడతానని చెప్పుకునే విశాఖ డిజైనరు ఒకాయన ఇరవై ఒక్క లక్షలకి ఎస్టిమేటు చేతిలో పెట్టాడు. మన్నుకీ తాటాకుకీ అంత ఎందుకండీ అంటే, అందులో ఆరు లక్షలు సంప్రదాయ పనివాళ్ళ కూలే అన్నాడు. "వాళ్ళు దొరకడమే కష్టం మేడమ్, అందులో రూపాయి తగ్గదు" అని, అక్కుపల్లి ఒడ్డున తాను కట్టుకుని అద్దెకిస్తున్న కాటేజీల ఫొటోలు చూపించాడు. ముచ్చటగానే ఉన్నాయి. ముచ్చటపడుతూనే అనుమానపడడం నా జబ్బు. ఆ పనివాళ్ళనే అడిగి వద్దామని మొన్న వేసవిలో బయల్దేరాను. మా ఆయన రానన్నాడు, నేనెక్కడ గొడవ పెట్టుకుంటానోనని.

పొద్దున్నే విశాఖలో రైలెక్కితే టిఫిన్ల వేళకి పలాసలో దిగొచ్చు. స్టేషను బయట ఇడ్లీ తిని కాశీబుగ్గ వైపు నడిచాను. ఆ వీధుల్లో జీడిపిక్కలు కాల్చే వాసన బట్టలకి పట్టేస్తుంది. మట్టిల్లు కట్టేవాళ్ళు ఇక్కడ జీడిపప్పు కొన్నా కొనకపోయినా జీడినూనె సంగతి మాత్రం కనుక్కోండి. పిక్కల తొక్కల నుంచి తీసే ఆ నల్లటి నూనె రాస్తే తాటి వాసాలకి చెద పట్టదు. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, జాగ్రత్త. అక్కుపల్లికి షేర్ ఆటోలుంటాయి కానీ నిండితే గాని కదలవు. ఢిల్లీసు అనే ఆటో అబ్బాయి రానూ పోనూ తొమ్మిదొందలన్నాడు. ఏడొందలన్నాను. "ఆ కాడ సముద్రం తప్ప ఏటుంది మేడం, తిరుగు బేరం దొరకదు" అన్నాడు. అక్కడ ఆగడంతో కలిపి ఎనిమిదొందలకి కుదిరింది. దారంతా కొబ్బరి, జీడి తోటలు, పక్కనే ఉప్పుగాలి.

కాటేజీలు తీగ కంచె లోపల ఉన్నాయి. రాత్రికి మూడున్నర వేలని బోర్డు. గుండ్రటి గోడలు, నేల దాకా దిగిన తాటాకు కప్పు, నిజంగానే చక్కటి పని. కంచెకి ఇవతల, అచ్చు అలాంటి చుట్టిల్లే ఇంకొకటి ఉంది. దాని కప్పు మీద మాత్రం నీలం ప్లాస్టిక్ పట్టా, ఎగిరిపోకుండా పాత వల కప్పి రాళ్ళు కట్టారు. గుమ్మంలో చేపలు ఎండబెడుతున్న ఆవిడ పేరు గున్నమ్మ. అప్పా అని పిలిచాను, మా అత్తవారి వైపు అక్కని అలాగే అంటారు. ఈ కాటేజీల కప్పు వేసినవాళ్ళు ఎక్కడుంటారని అడిగాను.

"మేవే యేసినాం. ఆ ఆకు కూడా మాదేనమ్మా" అంది.

అర్థం కాక మళ్ళీ అడిగాను. పడవ దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన ఆవిడ భర్త కామయ్య చెప్పాడు. ఆ ఊళ్ళో కప్పు వేయడానికి కూలి ఉండదట. ఒక ఇంటి కప్పు రోజున ఊరంతా వస్తుంది, ఇంటికో మోపు తాటాకు తెస్తుంది. ఆ ఇంటివాళ్ళు అన్నం, చేపల పులుసు పెడతారు. తరవాత ఎవరి కప్పు వచ్చినా వీళ్ళూ మనిషినీ మోపునీ పట్టుకుని వెళ్ళాలి. దీన్ని బదులు అంటారు. డిజైనరు కాటేజీలు మొదలుపెట్టినప్పుడు ఆ ఊళ్ళోనే గది తీసుకుని ఉన్నాడట.

"మాకాడే తిన్నాడు, మాకాడే తొంగున్నాడు. నన్ను మావా అనీవోడు. మీ కప్పులకి నా మనుషుల్నేసుకొని వత్తానన్నాడు. మావా అన్నోడి కాడ కూలెలాగ అడుగుతాం?" అన్నాడు కామయ్య.

"మా కప్పుకని దాసుకున్న ఆకు కూడా ఇచ్చేసినాం" అంది గున్నమ్మ. "మా వంతొచ్చినాక ఫోనెత్తడం నేదు. తిత్లీ తుపానుకి తాటిసెట్లు పోయినాక ఊళ్ళో ఎవలకాడా ఆకు నేదు, మళ్ళీ ఎక్కడ దొరుకుద్దమ్మా?"

తుఫాన్ల నెలలు వచ్చేలోపు కప్పు పడకపోతే ఆ పట్టా కింద వాళ్ళ గోడలు నానిపోతాయి. మట్టి గోడకి కప్పే ప్రాణం. కంచెకి అవతల వాళ్ళ ఆకు కిందే ఎవరో ఏసీ వేసుకుని పడుకుంటారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే నిలబడి డిజైనరుకి ఫోను చేశాను. నా నంబరు కాబట్టి వెంటనే ఎత్తాడు. కూలి ఇవ్వలేదట కదా అన్నాను.

"వాళ్ళకి డబ్బిస్తే చిన్నబుచ్చినట్టు మేడమ్. అది వాళ్ళ కల్చర్" అన్నాడు, ఎంతో గౌరవంగా.

"మరి నా ఎస్టిమేటులో ఆరు లక్షలు ఎవర్ని చిన్నబుచ్చడానికండీ?"

సైట్లో ఉన్నాను, తరవాత మాట్లాడతానన్నాడు. తరవాత లేదని చెప్పి పెట్టేశాను. డిజైను కోసం కట్టిన పాతికవేలు పోతే పోయాయి.

కామయ్య నెమ్మదిగా కూర్చుని మా ఇంటి పని లెక్క చెప్పాడు. గోడలూ కప్పూ కలిపి, రోజుకూలి మీద, రెండున్నర లక్షలు దాటదు. మన్ను మా స్థలంలోదే. డిజైనరు ఫీజూ, సామాను మీద అతను వేసుకున్న లాభమూ తీసేస్తే పన్నెండు లక్షల్లో ఇల్లు లేస్తుంది. ఆ సంతోషంలో నేను నోరు జారాను. కూలి ఇస్తాను, ఆ పైన మీ కప్పు రోజుకి మా ఇద్దరం బదులుకి కూడా వస్తాం అన్నాను. గున్నమ్మ చేప తిరగేస్తూనే ఉంది.

"వద్దమ్మా. ఆ మాట ఆ బాబూ అన్నాడు. నువ్వు కూలి ఇచ్చీ, అదే సాలు."

కోపంగా అనలేదు. కామయ్య చెప్పిన లెక్క కాగితం మీద రాసుకుని ఆటో ఎక్కాను.

మధ్యాహ్నం పలాసలో భోంచేసి టెక్కలి బస్సెక్కాను. హైవే మీద గంట లోపే. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో పనికిరాని ముక్కలు ట్రాక్టరు బాడుగ ఖర్చుకే పునాదికి దొరుకుతాయి. కర్రల అడితిలో తాటి వాసాల ధర కూడా కనుక్కున్నాను. చీకటి పడేముందు నిమ్మాడలో దిగి మా స్థలంలో కాసేపు నిలబడ్డాను. ఉదయం వరకూ అక్కడ ఇల్లు ఊహించుకుంటే ఫొటోలోని కప్పు కనిపించేది. ఇప్పుడు నీలం పట్టా కనిపించింది.

ఆ పెద్దమనిషి ఎగ్గొట్టింది కూలీ, తాటాకూ మాత్రమే అయితే ఇంత మండిపడేదాన్ని కాదు. ఊరు ఊరంతా తరతరాలుగా నమ్ముకున్న ఒక మాటని కాటేజీలు కట్టుకోవడానికి వాడేసుకుని, దానికి కల్చర్ అని పేరు పెట్టి, మళ్ళీ నాకే అమ్మబోయాడు. ఇప్పుడు మనస్ఫూర్తిగా వస్తామన్నవాళ్ళని కూడా ఆ ఊరు నమ్మదు, నమ్మకపోవడమే న్యాయం. నా బడ్జెట్ కలిసొచ్చింది గాని, ఆ గుమ్మంలోకి ఇంటి మనిషిలా వెళ్ళే అదృష్టం నాకిక లేదు. మీరు మట్టిల్లు కట్టుకునేటప్పుడు ఒకటే గుర్తుపెట్టుకోండి: పనివాళ్ళ కూలి మధ్యవాళ్ళ ఎస్టిమేటులో చూసి ఒప్పుకోకండి, ఆ చేతులున్న ఊరికి వెళ్ళి మాట్లాడుకోండి, ఏ రోజుది ఆ రోజు వాళ్ళ చేతిలోనే పెట్టండి. వాళ్ళు వద్దన్నా సరే, పెట్టండి.