ఆకు ముందొచ్చిన ఏడాది

అన్నయ్య పోయాక తోట నాకు ఎవరూ అప్పగించలేదు. నేనే వదినను అడిగి తీసుకున్నాను. తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే రోడ్డు పక్కన ఆరెకరాలు, అంతా బంగినపల్లి. ముప్ఫై ఏళ్ళకు పైగా అన్నయ్యే చేశాడు. అన్నేళ్ళూ నేను విజయవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. రిటైరై ఇంటికి వచ్చిన ఆరు నెలలకే, నిరుడు ఆగస్టులో, ఆయన గుండెపోటుతో పోయాడు.

వదినకు మామిడి మీద నమ్మకం పోయింది. చుట్టుపక్కల చాలామంది తోటలు కొట్టించి పామాయిల్ వేస్తున్నారు. ఆవిడ తమ్ముడు కూడా అదే చెబుతున్నాడు.

"ఒక్క కాపు చూస్తా," అంది వదిన. "పంట చేతికొస్తే సరే. లేదంటే వానలు పడగానే చెట్లు కొట్టించి పామాయిల్ పెట్టిస్తా. తర్వాత నామీద అలగొద్దు."

"అలగను వదినా."

"అలుగుతావు. ఉప్మాలో జీడిపప్పు తక్కువైందని రెండు రోజులు అలిగావని అత్తయ్య చెప్పేది."

నేను చదివిన పుస్తకాల్లో చావు గురించి చాలా ఉంది. ఆ నెలల్లో అందులో ఏదీ అక్కరకు రాలేదు. మామిడి గురించి చదివింది ఉపయోగపడింది, అదీ సగమే.

నవంబరులో ఒకరోజు తోటంతా తిరిగాను. నేల పగుళ్ళిచ్చింది. ఆకుల్లో నిగనిగ లేదు. అన్నయ్య ఉంటే ఇలా ఎండనిచ్చేవాడా అనిపించింది. మోటారు వేద్దామంటే పెట్టెలో ఫ్యూజు లేదు. ఇంట్లో వెతికితే ఆయన కళ్ళజోడు ఉన్న సొరుగులో, కాగితంలో చుట్టి ఉంది. దొంగల భయంతో తెచ్చి పెట్టాడనుకున్నాను. అది తగిలించి ఎనిమిది రోజులు నీళ్ళు పెట్టాను. కూలీలకు ఆ వారం తోటలో పని లేదు కాబట్టి ఎవరికీ తెలియదు. పాదుల్లో నీళ్ళు పారుతుంటే చాలా రోజుల తరువాత మనసు తేలికైంది.

డిసెంబరులో ఒక ఉదయం వెళ్ళి చూస్తే చెట్ల కొసలన్నీ ఎర్రబడి ఉన్నాయి. అక్కడి నుంచే వదినకు ఫోను చేశాను.

"పూత వచ్చేసింది వదినా! తోటంతా!"

"నిజంగానా? ఉండు, స్వీట్లు తెప్పిస్తా," అంది.

మా తోటలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న కూలీల ముఠాకు పెద్ద ఒకావిడ ఉంది. ఆవిడ వస్తే సంబరంగా చూపించాను. ఒక కొమ్మ వంచి చూసి, నా మొహం చూసింది.

"ఇది పూత కాదు సారూ. ఆకు."

"ఎర్రగా ఉందిగా?"

"కొత్తాకు ఎర్రగానే ఉంటది. నీళ్ళేమన్నా పెట్టారా?"

"ఎనిమిది రోజులు."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కొత్తల్లుడికి వడ్డించినట్టు వడ్డించారే! పెద్దయ్యగారు ఏటా వానలు పడగానే ఫ్యూజు ఊడబీకి ఇంటికి పట్టుకెళ్ళేది ఎందుకనుకున్నారు? మాలో ఎవరన్నా జాలిపడి మోటారేస్తారని. ఈ నెలల్లో చెట్టు ఎండాలి సారూ. నీళ్ళు తగిలితే పూత మానేసి ఆకేస్తది."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చేసేదేం లేదు. ఆ పైన మెరక మీద చెట్లు ఉన్నాయే, అక్కడ నీళ్ళు నిలవవు. అవి ఇంకా ఆకెయ్యలేదు. వాటిమీదే ఆశ."

వదినకు చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.  వినగానే నవ్వడం మొదలుపెట్టింది. ఆగస్టు తరువాత ఆవిడ నవ్వగా నేను చూడలేదు. "వీధంతా పంచేశానయ్యా స్వీట్లు! ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి, అది ఆకంట, మావి మాకివ్వండి అనమంటావా?" నవ్వు తగ్గాక, "మాట మాటే. పామాయిల్ మాట," అంది.

మా వైపు తోటను పూత మీదే అమ్మేస్తారు. వ్యాపారి వచ్చి పూత చూసి బేరం కుదుర్చుకుంటే ఆ రోజు నుంచి మందు కొట్టడం, కాపలా, కోత అన్నీ అతనివే. ఏటా మా తోట తీసుకునే విస్సన్నపేట వ్యాపారి జనవరిలో వచ్చాడు. బండి దిగకుండానే తోటను చివరిదాకా చూశాడు.

"నీడ బాగుంది మాస్టారూ," అన్నాడు. "మంచం వేయించుకోండి." బండి తిప్పుకొని వెళ్ళిపోయాడు.

ఆ మరునాటి నుంచి పొద్దున్నే మెరక మీదికి వెళ్ళేవాణ్ణి. సన్న అక్షరాలు చదవడానికి కొనుక్కున్న భూతద్దం జేబులో ఉండేది. సన్నగా, సూదిలా ఉంటే ఆకు మొగ్గ అనీ, లావుగా, పొట్టిగా ఉంటే పూత మొగ్గ అనీ ముఠా పెద్ద నేర్పింది. అనుమానమొస్తే గోరుతో చీల్చి చూడమంది. ఎన్ని చీల్చానో నాకే తెలియదు.

"ఉన్నయ్యన్నీ మీరే చీల్చేస్తే ఇంక పూసేదేంటి సారూ?" అని కేకలేసింది ఒకరోజు.

ఫిబ్రవరి మొదటి వారంలో చీల్చిన ఒక మొగ్గలో ఆవగింజలకంటే చిన్న గింజలు కనిపించాయి. పచ్చగా, దగ్గర దగ్గరగా. భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి మామూలు కళ్ళతోనే చూసింది. "పూతే," అంది. ఇద్దరం చెట్టు నుంచి చెట్టుకు దాదాపు పరుగెత్తాం. పది రోజుల్లో మెరకన ఉన్న సగం తోటలో కొసకొసనా పూత నిలబడింది. దిగువ సగంలో ఒక్క పూతగెల కూడా లేదు.

ఆలస్యంగా వచ్చిన పూతను కొనడానికి ఎవరూ రాలేదు. అంటే మందు కొట్టించడం నుంచి కోత దాకా అన్నీ మేమే చేసుకోవాలి. నాకు భయం వేయాలి. నిజానికి చాలా ఉత్సాహంగా ఉంది. పూత మీద తేనెమంచు పురుగు చేరితే సమయానికి మందు కొట్టించాం. పిందెలు నిమ్మకాయలంత అయ్యాక ఒక్కొక్క కాయకూ కాగితపు కవరు తొడిగాం. వానలు దగ్గరపడ్డాక కోసే కాయను పండుఈగ వదలదు. కవరు ఉంటే అది కాయను ముట్టుకోలేదు. నేనూ నిచ్చెన ఎక్కాను. ముఠాలో ఆడవాళ్ళు నాలుగు కట్టే లోపల నేను ఒకటి కట్టేవాణ్ణి. మేలో ఒక మధ్యాహ్నం గాలి లేస్తే అందరం చెట్ల కింద నిలబడి పైకి చూస్తూనే ఉండిపోయాం. రాలినవి రాలగా చాలానే మిగిలాయి.

జూన్ మొదట్లో, చుట్టుపక్కల తోటలన్నీ కోత ముగించాక, మా కోత మొదలైంది. వదిన ఆటోలో వచ్చింది. అన్నయ్య పోయిన తరువాత తోటలో అడుగు పెట్టడం అదే మొదలు. నేను ఒక కాయ కోసి ఇచ్చాను. కవరు చింపి, అటూ ఇటూ తిప్పి చూసింది. మచ్చ లేదు.

"మీ అన్నయ్య ఇన్నేళ్ళలో ఒక్క కోతా చూడలేదు, తెలుసా?" అంది. "పూతలోనే ఇచ్చేసేవాడా, ఇంక అది పరాయి తోట. కోసేటప్పుడు ఇటు వచ్చేవాడే కాదు. మన కాయలు మార్కెట్లో కొనుక్కొచ్చేవాడు."

నాకు తెలియదు.  ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని ముఠా పెద్ద చేతిలోని, కొసన వల కట్టిన చిక్కం కర్ర తీసుకుంది. మొదటి కాయ చిక్కంలో పడకుండా నా భుజం మీద పడింది.

"పక్కకి జరగవయ్యా! లైబ్రరీ అనుకున్నావా నిలబడటానికి?"

రెండోది చిక్కంలో పడింది. మూడోదీ పడింది. ఆవిడ ఆగలేదు. చెమట తుడుచుకుంటూనే తమ్ముడికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఫోను నాకు పట్టుకోమని ఇచ్చింది.

"ఒరే, ఆ పామాయిల్ మొక్కలు నీ పొలంలో వేసుకో."

"అదేంటక్కా? సగం తోట కాయనే లేదంటగా?"

"సగం కాసిందిరా! మిగతా సగం వచ్చే ఏడు కాయిస్తాడు మా మరిది. అలిగైనా కాయిస్తాడు. ఇప్పుడు చేతిలో కర్ర ఉంది, తర్వాత మాట్లాడతా."

నేను ఫోను కట్ చేసి తల ఎత్తేసరికి ఆవిడ కర్ర పట్టుకుని రెండో చెట్టు కింద ఉంది.