పట్టిక అడుగున చిన్నక్షరాలు

మా ఎకనామిక్స్ మాస్టారు ప్రభువు సన్నిధికి చేరారని కంకిపాడు నుంచి ఆయన మనవరాలు ఫోన్ చేసింది. "పొద్దున కాఫీ అడిగారు సార్. తెచ్చేసరికి లేరు" అంది. "అయ్యో తల్లీ" అన్నాను.

మీలో పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు నా గైడు తెలిసే ఉంటుంది. అందులో సగం విద్య మాస్టారిదే. దేశాల ఆదాయాల మీద అంతర్జాతీయ సంస్థలు ఏటా వేసే లావుపాటి రిపోర్టులు విజయవాడలో మా కాలేజీ లైబ్రరీకి వచ్చేవి. ఆయన తప్ప వాటిని ముట్టేవాళ్లు లేరు. పట్టిక తెరవగానే అరచేత్తో అంకెలన్నీ మూసేసి, "ముందు అడుగున చిన్నక్షరాలు చదవరా. అంకె ఎక్కడికీ పారిపోదు" అనేవారు. నాకు చదవడమంటూ వచ్చింది అలాగే.

అయినా తప్పు చేశాను. ఒక ఏడాది అంకె పాత రిపోర్టులోంచి, మరుసటి ఏడాదిది కొత్త రిపోర్టులోంచి తీసి, మన ఆదాయం ఒక్కసారిగా ఎగిరిందని గైడులో వేశాను. ఈ రెండింటి మధ్య వాళ్లు లెక్కగట్టే పద్ధతే మార్చారు. ఆ సంగతి పట్టిక అడుగునే ఉంది. నేను చూడలేదు.

మాస్టారు చూశారు. బస్సెక్కి పటమటలో మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, తాపీగా చెప్పారు. "కంగారు పడకు. వచ్చే ముద్రణలో దిద్దెయ్."

దిద్దలేదు. పరువు పోతుందని భయపడ్డాను. ఈలోగా మిగతా గైడులన్నీ నన్నే కాపీ కొట్టాయి. ఒక పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. కీలో నా జవాబే సరైనదన్నారు. ఇక దిద్దితే నన్ను నమ్మి చదివిన పిల్లలకే మార్కు పోతుంది! కుడితిలో పడ్డ ఎలకలా అయింది నా పని. మాస్టారు కనబడ్డప్పుడల్లా "దిద్దావా?" అనేవారు. "ఈసారి తప్పకుండానండీ" అనేవాణ్ణి. పాపం, ప్రతిసారీ నమ్మేవారు.

మాస్టారి జ్ఞాపకార్థం జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మాస్టారి నిజాయితీ గురించి చెప్పి, సిగ్గుతో వచ్చి కూర్చున్నాను. భోజనాల దగ్గరికి మనవరాలు నా గైడు పట్టుకొచ్చింది. వచ్చే వారమే ఆ పిల్లకు పరీక్ష.

"ఇది తప్పని తాతయ్య పెన్సిలుతో కొట్టేశారు సార్. కీలో మాత్రం ఇదే కరెక్టట. ఏది పెట్టమంటారు?"

చుట్టూ జనం.

"గైడులో ఉన్నదే పెట్టమ్మా" అన్నాను.

"సరే సార్" అంది. పక్కనే కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తాతయ్య గీసిన గీతను రబ్బరుతో జాగ్రత్తగా చెరపసాగింది.